జోలె పట్టిన జాడ

కిందటి వారం కథ ఆగేసరికి వదిన ఒక తొమ్మిదంతస్తుల హోటల్ నేలమాళిగలో, పాత పరుపుల గుట్ట ఎదుట నిలబడి ఉంది. ఆమె చేతిలో ఇరవై అడుగుల పగ్గం, పగ్గం చివర జోలె. జాగిలాల దళంలో ఉన్న ఒకే ఒక్క బ్లడ్‌హౌండ్ అది. మెడ కింద తోలు జోలెలా వేలాడుతుందని పసికూనగా ఉన్నప్పుడే ఆ పేరు పడింది.

హోటల్‌లో లిఫ్టులు చూసే మెకానిక్ సోమవారం సాయంత్రం నుంచి కనపడడం లేదు. రాగితీగ చుట్టలు దొంగిలించి పారిపోయాడని మేనేజర్ ఫిర్యాదు. నీలం దుస్తులు, టోపీ వేసుకుని, పనిముట్ల పెట్టె పట్టుకున్న మనిషి ఒకడు ఆరూ పదికి వెనక గేటు దాటడం కెమెరాలో ఉంది. గేటు బయట టోపీ దొరికింది. దాని వాసన పట్టుకుని దళంలోకెల్లా చురుకైన కుక్క మెరుపు, బస్టాపు దాకా పరుగెత్తి ఆగిపోయింది. బస్సెక్కి వెళ్లిపోయాడు, అంతా తేలిపోయింది అనుకున్నారు. జోలె ఒక్కతే గేటు వైపు తల కూడా తిప్పలేదు. మెకానిక్ దిండు గలీబు వాసన చూసి, మెట్లు దిగి, తిన్నగా ఈ పరుపుల దగ్గరికి వచ్చి, ముందు కాలొకటి వాటి మీద వేసి, నేలమాళిగ అంతా మారుమోగేలా ఊళ పెట్టింది.

ఇప్పుడు బుధవారం ఉదయం పదకొండు గంటలు. సరిగ్గా పన్నెండింటికి జోలె ఉద్యోగం అయిపోతుంది. ఆ ఉత్తర్వు మీద సంతకం పెట్టిన దళం చీఫ్ అక్కడే, వదినకు రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. ఆయన ఆమెకు సొంత మరిది.

చీఫ్‌కు వదిన గనక దళమంతటికీ ఆమె వదినే అయింది. పేరుతో పిలిచేవాళ్లు లేరు.

మేనేజర్ జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. మనిషి నీటుగా ఉంటాడు, మాట ఇంకా నీటుగా ఉంటుంది.

"మేడమ్, ఈ పరుపుల మీద పదేళ్లలో ఎన్ని వేల మంది పడుకున్నారో లెక్క లేదు. మీ కుక్కకి అంతమంది వాసన ఒక్కసారే తగిలి తికమకపడి ఉంటుంది. లేదంటే పాపం, పరుపు చూసి నిద్రొచ్చి ఉంటుంది."

వెనక ఉన్న హోటల్ సిబ్బంది కిసుక్కుమన్నారు. ఇద్దరు కానిస్టేబుళ్లు నవ్వాపుకోడానికి బూట్ల వైపు చూసుకున్నారు. జోలె మొహం అలాంటిది మరి. నుదుటి మీద నుంచి ముడతలు జారి కళ్ల మీద పడుతుంటాయి. కింది రెప్పలు వేలాడి ఎర్రగా లోపలి తడి కనపడుతుంటుంది. చెవులు నేల మీద ఈడ్చుకుపోతుంటాయి. లోకంలోని కష్టాలన్నీ తన ఇంటికే వచ్చినట్టు చూస్తుంది. ఆ మొహం పెట్టుకుని అది అప్పుడే చిక్కటి చొంగ తీగను మేనేజర్ బూటు పక్కన, నున్నటి నేల మీద వదిలింది.

"పరుపుల వెనక ఏముంది?" అని వదిన అడిగింది.

"వెనక విభాగం పాత లిఫ్టు. ఏడాదిగా మూసేశాం. తాళం కాంట్రాక్టర్ దగ్గరుంది. ఆయన ఊళ్లో లేడు."

"ఏడాదిగా కదలని పరుపుల కింద నేల ఇంత శుభ్రంగా ఎందుకుంది? చుట్టూ చూడండి, వేలితో రాస్తే అక్షరం పడేంత దుమ్ముంది. ఇక్కడేమో ఈడ్చిన చార ఉంది."

మేనేజర్ మొహంలో రంగు మారలేదు. చీఫ్ వైపు తిరిగాడు.

"సార్, ఈ కుక్కని దళం నుంచి తీసేశామని పొద్దున మీరే చెప్పారు. తీసేసిన కుక్క మాట పట్టుకుని తాళాలు పగలగొట్టిస్తారా? రేపు మా దగ్గర మూడొందల మందితో పెద్ద సమావేశం ఉంది. అతిథులు అప్పుడే దిగుతున్నారు. నేను పైవాళ్లకి ఏమని చెప్పుకోవాలి?"

వదిన గుండెల్లో చురుక్కుమంది. తాళం సంగతికి కాదు. ఇంటి విషయం వీధిలో పెట్టినట్టు, జోలె సంగతి ఈ రుమాలు మనిషికి మరిది ముందే చెప్పేశాడు.

చీఫ్ ఆమెను పక్కకు, మెట్ల కిందకు పిలిచాడు.

"వదినా, ఇంక చాలు. నలుగురిలో నవ్వులపాలవుతున్నాం. నిన్ననే మెరుపు తేల్చేసిన కేసు ఇది. నువ్వడిగావని, అన్నయ్య మొహం చూసి, ఇవాళ్టికి ఒప్పుకున్నాను. ఇంటికి తీసుకెళ్లు దాన్ని. నీ దగ్గరే ఉంటుంది కదా, సుఖంగా పడుకుంటుంది."

వదిన కాపురానికి వచ్చేనాటికి ఈ మరిది ఎనిమిదో తరగతి. బడికి వేసుకెళ్లే చొక్కా ఇస్త్రీ చేసి ఇస్తే, మడత నలుగుతుందని బస్సులో కూర్చోకుండా నిలబడి వెళ్లేవాడు. ఇప్పుడూ అంతే. యూనిఫారం మీద ముడత ఉండదు. తన దళంలో ఇంత ముడతల కుక్క ఉండడమే ఆయనకు కష్టమేమో అని భర్త దగ్గర ఒకసారి నవ్వుతూ అంది. భర్త నవ్వలేదు. జోలెను తెచ్చి పెంచింది ఆయనే. మోకాళ్లు అరిగి పగ్గం పట్టుకోలేక ఇంట కూర్చున్నాడు. అప్పటిదాకా కుక్కల శాలలో గిన్నెలు కడిగి, స్నానాలు చేయించే పనిలో ఉన్న వదిన, మూడేళ్ల కిందట, నలభై నాలుగేళ్ల వయసులో హ్యాండ్లర్ పరీక్ష రాసింది. పరిగెత్తింది, గోడ దూకింది, నెగ్గింది. దళంలో మొదట ముక్కు మీద వేలేసుకున్నవాళ్లే ఇప్పుడు లేచి కుర్చీ వేస్తారు.

"కాగితంలో నాలుగు కారణాలు రాశావు," అంది. "చొంగ, చెవులు, తిండి, నిద్ర. నాలుగూ నిజమే. అబద్ధం రాశావని నేనెప్పుడూ అనలేదు."

"ఇప్పుడా సంగతులు..."

"ఇప్పుడే. మళ్లీ నువ్వు దొరకవు. ఆ చెవులు బారెడున్నాయి, గాలాడదు, వారానికి రెండుసార్లు తుడవకపోతే చీము పడతాయి. ఏడేళ్లలో ఒక్కసారి పడింది, అది కూడా నేను మా అమ్మకి బాగోలేదని వెళ్లిన పది రోజుల్లో. ఆ చెవులు నేల మీద ఊడుస్తూ వెళ్తాయి చూడు, కింద పడి ఉన్న వాసనని లేపి ముక్కు ముందుకి తోస్తాయి. ఆ ముడతల్లో వాసన నిలబడుతుంది. చొంగ తడికి ఎండిపోయిన వాసన కూడా లేస్తుంది. నువ్వు రోత అని రాసిందే దాని పనిముట్టు. మెకానిక్ చేతిలో పానా చూసి గ్రీజు అంటిందని పారేస్తావా?"

ఆమె గొంతు పెంచలేదు. అటువైపు జోలె తన పేరు వినపడినట్టు తల తిప్పి చూసింది.

"తిండికి వస్తే, ఒక్కసారే పెట్టకూడదు. పెడితే కడుపు ఉబ్బి మెలి పడుతుంది, గంటల్లో పోతుంది. అందుకని రెండు పూటలా కొంచెం కొంచెం. తిన్నాక గంటసేపు పరుగు లేదు. అది నిద్ర కాదు, మేం పడుకోబెడతాం. మెత్తటి పక్క లేకపోతే బరువుకి మోచేతులు కాయలు కాస్తాయి. ఇవన్నీ మీ అన్న ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టాడు, నువ్వెప్పుడూ అడగలేదు."

"వదినా, ఒక్క మాట అడుగుతాను. నిజం చెప్పు," అన్నాడు చీఫ్. ఆయన గొంతులో అధికారం కాస్త తగ్గింది. "నీకు నమ్మకమా, లేక నమ్మాలని ఉందా?"

ఆమె మనసులో వెతుక్కుంది.

"ఆ తలుపు వెనక ఏముందో నాకు తెలియదు," అంది చివరికి. "ఇది మాత్రం తెలుసు. మూడేళ్లలో రెండుసార్లు దాన్ని నేను నమ్మలేదు. ఒకసారి చెరుకు తోట దగ్గర, అది ఎడమకి లాగితే నేను కుడికి ఈడ్చాను. రెండోసారి వరద వచ్చినప్పుడు, నీళ్లలో ముక్కు పెడితే పిచ్చెక్కిందనుకున్నాను. రెండుసార్లూ మనిషి అది చూపించిన చోటే ఉన్నాడు. రెండోసారి వెతికింది చిన్నపిల్ల కోసం, మనం ఆలస్యంగా వెళ్లాం. ఆ పిల్ల తండ్రి మొహం నువ్వూ చూశావు."

చూశాడు. దాని గురించి ఇద్దరూ ఎన్నడూ మాట్లాడుకోలేదు.

"నన్ను నమ్మొద్దు," అని ఆమె మళ్లీ అంది. "దాన్ని ఇక్కణ్ణించి బయటికి తీసుకెళ్తాను. గేటు దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెడతాను. ఈ మెట్లు కాదు, ఇంకో దారి ఏదుంటే అది. అప్పుడూ ఇక్కడికే వస్తే తలుపు తీయించు. రాకపోతే పగ్గం నీ చేతిలో పెట్టి ఇంటికెళ్తాను."

చీఫ్ గడియారం చూసుకున్నాడు. పదకొండూ పావు.

"కానివ్వు," అన్నాడు.

వెనక గేటు దగ్గర ఎండ చురచురలాడుతోంది. వదిన తొందరపడలేదు. ముందు జోలెకు గిన్నెలో నీళ్లు పోసింది, సగం తాగాక తీసేసింది. భుజాన ఉన్న సంచిలోంచి తడిగుడ్డ తీసి కళ్ల కింది ఎరుపును మెల్లగా ఒత్తింది. ముక్కు పక్క మడతలు వేలితో విడదీసి ఒక్కొక్కటే తుడిచింది. పొడి గుడ్డతో చెవుల లోపలి అంచులు అద్దింది. పసిబిడ్డకు స్నానం చేయించి పొడి అద్దే తల్లి చేతుల్లా ఆ చేతులు వాటంతటవే నడిచాయి. సిబ్బంది ఒకరొకరే వచ్చి గేటు నీడలో చేరారు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

మామూలు మెడపట్టీ విప్పి, వెడల్పాటి ఛాతీ పట్టీ తగిలించింది. అంతే, జోలె మొహంలోని దిగులు ఎటు పోయిందో పోయింది. తల లేచింది, తోక నిలబడింది. ఆ పట్టీ పడితే పని అని దానికి తెలుసు.

పొద్దున మెకానిక్ భార్య దిండు గలీబు ఇచ్చినప్పుడు వదిన ముందు ఆమె చేతులే జోలెకు చూపించింది. గలీబు మీద ఇద్దరి వాసనా ఉంటుంది. ఒకరు ఎదురుగా నిలబడి ఉన్నారు. ఇక్కడ లేని రెండో మనిషే కావాలని అలా చెప్పినట్టు. భర్త నేర్పిన ఉపాయం అది. ఇప్పుడు మళ్లీ గలీబు సంచి మూతి తెరిచింది. జోలె మూతి మొత్తం అందులో దూర్చి, బుసలు కొడుతూ పీల్చింది.

"వెతుకమ్మా."

జోలె గేటులో ఒక చుట్టు చుట్టింది. బయటి రోడ్డు వైపు రెండడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరిగింది. మేనేజర్ కనుబొమలు ఎత్తాడు.

"చూశారా సార్, దానికి దారే తెలియడం లేదు."

"తెలిసింది," అంది వదిన పగ్గం వదులుతూ. "అతను సోమవారం పొద్దున ఈ గేటులోంచి పనికొచ్చాడు. లోపలికి అడుగులున్నాయి. బయటికి లేవు."

తర్వాత ఆమెకు మాట్లాడే తీరిక లేకపోయింది. నలభై అయిదు కిలోల బరువు పగ్గాన్ని లాగింది. జోలె ముక్కు నేలకు ఆనించి, చెవులు ఊడ్చుకుంటూ, సరుకులు దించే సందులోకి దూరింది. వంటగది పక్కనే పోయింది. లోపల మాంసం వేగుతున్న వాసనకు కానిస్టేబుల్ తల తిప్పాడు గానీ జోలె తిప్పలేదు. సిబ్బంది అల్మారాల దగ్గర ఒక తలుపు ముందు ఆగింది, మూడో వరసలో రెండోది. "అతనిదే," అన్నాడు వెంట వచ్చిన హోటల్ ప్లంబర్ మెల్లగా. అక్కడి నుంచి జోలె, వదిన ఇంతకుముందు చూడని ఇరుకు ఇనప మెట్లు దిగింది. గిర్రున తిరిగే మెట్లు. బరువైన కుక్క, వెడల్పు తక్కువ మెట్లు. ఒక్కో మెట్టు దగ్గరా దాని మోచేతులు తడబడుతుంటే ఆమె వెనక నుంచి పట్టీ ఎత్తి బరువు ఆపింది. దిగేసరికి ఆమె అరచేతిలో తోలు లేచిపోయింది. అది తర్వాతెప్పుడో తెలిసింది.

మెట్ల చివర ఏసీ యంత్రాల గది. నాలుగు యంత్రాలు ఒక్కసారే గర్జిస్తున్నాయి. ఎదుటి మనిషి మాట వినాలంటే చెవిలో అరవాలి. జోలె యంత్రాల మధ్య నుంచి పాక్కుంటూ పోయి, అటు గోడ వారన, నేలకు జానెడు ఎత్తున ఉన్న ఇనప జాలీకి ముక్కు ఆనించింది. లోపలి నుంచి వస్తున్న గాలిని ఒక్కసారి, రెండుసార్లు పీల్చింది. తోక గిరగిర తిరిగింది. తల ఎత్తి ఊళ పెట్టింది. నోరు తెరుచుకోవడం కనిపించింది, గొంతు వినిపించలేదు. అంత మోత అక్కడ.

చీఫ్ గోడను చేత్తో తట్టి చూశాడు. మనసులోనే నేలమాళిగ పటం గీసుకున్నట్టు కళ్లు మూసి తెరిచాడు. ఈ గోడకు అటువైపు పాత లిఫ్టు. ఆ లిఫ్టుకు ఇంకో వైపు పరుపులు.

ఆయన మేనేజర్ చెవి దగ్గర అరిచాడు. "యంత్రాలు ఆపించండి."

"అతిథులున్నారు సార్. ఈ ఎండలో..."

"ఆపించండి."

ముప్పై ఏళ్లలో మరిది గొంతు అలా పలకడం వదిన వినలేదు. అది ఆమెకు వినిపించిందంటే మోతను మించి పలికిందన్నమాట. మేనేజర్ కదల్లేదు. ప్లంబరే వెళ్లి మీటలు ఒక్కొక్కటే దించాడు. నాలుగో యంత్రం గరగరలాడి ఆగిపోయాక ఆ గదిలో పడ్డ నిశ్శబ్దానికి చెవులు గింగురుమన్నాయి.

ఏమీ లేదు. నీటిచుక్క ఎక్కడో పడుతున్న చప్పుడు.

వదిన జాలీ దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. "జోలే, ఇంకోసారి," అంది.

జోలె ఊళ పెట్టింది. పొడుగ్గా, బరువుగా, అడుగు నుంచి తోడినట్టు వచ్చే గొంతు అది. జాలీలోంచి లోపలికి పోయి ఎక్కడో ఎత్తున తగిలి తిరిగి వచ్చింది.

అప్పుడు వినిపించింది. టక్. ఇనుము మీద ఇనుము. కాసేపాగి మళ్లీ టక్. టక్.

చీఫ్ మెట్ల వైపు పరుగు తీశాడు. ముడతలేని చొక్కా ఇరుకు కమ్మీలకు తగిలి చిరిగింది. ఆయన చూసుకోలేదు.

పరుపులు లాగి పారేయడానికి రెండు నిమిషాలు పట్టింది. చీఫే ముందు పట్టుకున్నాడు, కానిస్టేబుళ్లు, హోటల్ వాళ్లు వెనక చేరారు. వెనక ఇనప తలుపు. తాళం కొత్తది, మెరుస్తోంది. ప్లంబర్ తెచ్చిన గునపంతో నాలుగో దెబ్బకు గొళ్లెం ఊడింది. తలుపు తెరవగానే చెమ్మ వాసన కొట్టింది. కింద పది అడుగుల లోతున లిఫ్టు గుంత. టార్చి వెలుగులో మోకాలి లోతు మురుగు నీళ్లు, నీళ్లలో ఇనప దిమ్మ, దిమ్మ మీద ఒక మనిషి. ఒక కాలు ఉండకూడని పక్కకు తిరిగి ఉంది. చేతిలో పానా ఉంది. తల మీద నీలం టోపీ ఉంది.

జోలె గుంత అంచున బోర్లా పడుకుని తల కిందికి వేలాడేసింది. చెవులు రెండూ వేలాడాయి. చొంగ తీగ జారి, ఊగి, అతని నుదుటి మీద పడింది.

"ఎవరండీ," అన్నాడు మెకానిక్, ఎండిపోయిన గొంతుతో. "వానొస్తోందా?"

పైన ఒకరు నవ్వారు, ఆ నవ్వే ఏడుపైంది. అది తనదేనని వదినకు కాసేపటికి గాని తెలియలేదు.

బ్లడ్‌హౌండ్ అన్న పేరు విని జనం అది కరిచి పట్టుకుంటుందనుకుంటారు. దాని పని కనిపెట్టడం, అంతే. అగ్నిమాపక దళం వాళ్లు వచ్చి అతన్ని నిచ్చెన మీద పైకి తెచ్చి పడుకోబెట్టగానే జోలె వెళ్లి అతని ఛాతీ మీద ఒక కాలు వేసి, గడ్డం నాకి, అక్కడే కూలబడింది. ఇంక నాకేం పని లేదన్నట్టు కళ్లు మూసింది.

చీఫ్ తలుపు దగ్గర నిలబడి తన చేతిలోని టోపీని, మెకానిక్ తల మీది టోపీని మార్చి మార్చి చూశాడు. తన చేతిలోది గేటు బయట దొరికింది.

"నిన్న మెరుపు తప్పు చేయలేదు," అంది వదిన. "దానికిచ్చిన టోపీ ఎవరిదో ఆ మనిషి వెంటే పోయింది, అతను బస్సెక్కిన చోట ఆగింది. కుక్కలు రెండూ నిజమే చెప్పాయి. టోపీ మెకానిక్‌దే అని మనకి చెప్పిందెవరు?"

చీఫ్ చుట్టూ చూశాడు. ఏసీ గదిలో యంత్రాలు ఆపించమన్నప్పుడు పక్కనే ఉన్న మేనేజర్ ఇప్పుడు కనపడలేదు. ఒక కానిస్టేబుల్‌కు సైగ చేశాడు. అతను పైకి పరుగెత్తాడు.

తర్వాత ఆయన చేసిన పని దళంలో చాలా కాలం చెప్పుకున్నారు. ఇస్త్రీ చేసిన జేబురుమాలు తీశాడు. మడత విప్పాడు. జోలె ఎదుట ఒంటి మోకాలి మీద కూర్చుని, దాని మూతిని, మెడ కింద వేలాడే తోలును, ముక్కు పక్క మడతలను ఒక్కొక్కటే తుడిచాడు. చేతకాదు, మడత విడదీయడం తెలియదు, అయినా తుడిచాడు. జోలె ఓర్చుకుంది.

"టైమెంతయింది?" అన్నాడు తలెత్తకుండా.

"పన్నెండూ ఇరవై అయిదు సార్," అన్నాడు రెండో కానిస్టేబుల్.

"నాది పదకొండున్నర చూపిస్తోంది. చాలా రోజులుగా అక్కడే ఆగి ఉంది." నడుస్తున్న గడియారాన్ని చొక్కా చేతి కిందకు తోసి, రుమాలు మడిచి, చొంగతో సహా, జేబులో పెట్టుకున్నాడు. "వదినా, అన్నయ్య నోటుపుస్తకం రాత్రికి నాకివ్వు."

వదిన పగ్గం రెండు చుట్లు చేతికి చుట్టుకుంది. ఏడేళ్లుగా ఊడ్చిన వెంట్రుకలు, కడిగిన గిన్నెలు, తుడిచిన చెవులు, చొంగ మరకల చీరలు, ఇరుగుపొరుగు వేళాకోళాలు, అన్నీ ఆ క్షణాన వరసగా వచ్చి తన వెనక నిలబడినట్టనిపించింది. ఆమె వెన్ను నిటారుగా అయింది. హోటల్ సిబ్బంది ఆమెకు దారి ఇచ్చి పక్కకు తప్పుకున్నారు. పొద్దున కిసుక్కుమన్న అమ్మాయి ఒకతె వచ్చి, "ముట్టుకోవచ్చా ఆంటీ?" అని అడిగి జోలె చెవిని రెండు చేతుల్లోకి తీసుకుంది.

అప్పుడే ఆమెకు మెకానిక్ భార్య గుర్తొచ్చింది. గలీబు ఇచ్చాక ఆమెను వాంగ్మూలం కోసమని తొమ్మిదో అంతస్తు ఆఫీసు గదిలో కూర్చోబెట్టారు. నలభై గంటలుగా ఆ ఇల్లాలు ఒకటే మాట చెబుతోంది, మా ఆయన దొంగ కాదు అని. వార్త చెప్పే భాగ్యం ఇంకెవరికీ ఇవ్వదలచుకోలేదు వదిన. గోడకున్న హోటల్ ఫోన్ అందుకుని పైకి కలపమంది.

"తల్లీ, మీ ఆయన దొరికాడు. కాలు విరిగింది గానీ నిక్షేపంగా ఉన్నాడు. ఎక్కడికీ పారిపోలేదు. లిఫ్టెక్కి తొందరగా దిగిరా, నేలమాళిగలోకి."

అవతల ఫోన్ జారి బల్లకు తగిలిన చప్పుడు, పరుగెత్తిన అడుగులు వినిపించాయి. వదిన నవ్వుకుంటూ ఫోన్ పెట్టి, మెకానిక్ పక్కన కూర్చుని, నీళ్లు గుక్కెడు గుక్కెడుగా పట్టింది.

"మీ ఆవిడకి చెప్పాను. వచ్చేస్తోంది."

అతను నీళ్లు మింగి, ఆమె మణికట్టు పట్టుకున్నాడు. వేళ్లు మంచులా ఉన్నాయి, పట్టు మాత్రం గట్టిగా ఉంది.

"అమ్మా, నన్ను ఇందులో పెట్టి ఎందుకు తలుపేశారో అడగలేదు మీరెవరూ."

"ఊపిరి తీసుకో ముందు. అన్నీ చెబుదువుగాని."

"తీరిక లేదమ్మా. పైకి చూడండి, ఈ పాత లిఫ్టుకి తాళ్లు లేవు. ఉక్కు తాళ్లు మొత్తం విప్పేశారు. అది చూద్దామనే దిగాను నేను. హోటల్ ముందు వైపు, అతిథులు ఎక్కే లిఫ్టుకి కొత్త తాళ్లు వేయించామని బిల్లు పెట్టారు. వేసింది కొత్తవి కాదు, ఇవే. అరిగిపోయినవి. తెగితే పట్టి ఆపే బ్రేకు కూడా పని చేయడం లేదు. సోమవారమే ఆపేయమన్నాను." అతను లేవబోయి, నొప్పికి పళ్లు కరిచాడు. "ఆ ముందు లిఫ్టు ఇప్పుడు ఆపి ఉందా?"

వదిన చేతిలోని నీళ్ల గ్లాసు నేల మీద పడింది.

చీఫ్ అప్పటికే పరుగెత్తుతున్నాడు. ఆమె పగ్గం వదిలేసి వెనకే పరుగు తీసింది. పరుపులు దాటి, మలుపు తిరిగి, కార్లు నిలిపే చోటుకు. అక్కడ ముందు లిఫ్టు తలుపు నిగనిగలాడుతూ మూసి ఉంది. దాని నెత్తిన ఎర్ర అంకె తొమ్మిది నుంచి ఎనిమిదికి మారింది. చీఫ్ రెండు చేతులతో తలుపు బాదుతూ మెయిన్ స్విచ్ ఎక్కడని అరుస్తున్నాడు.

ఎనిమిది ఏడైంది. ఆ తర్వాత మారలేదు. తలుపు వెనక, ఎంతో ఎత్తున, తీగ తెగినట్టు ఒక్క చప్పుడైంది. ఎర్ర అంకె ఆరిపోయింది.